పైథాన్ డిక్షనరీని పొడిగించే ముందు పేరు ఎవరి దగ్గర ఉందో చూడండి

"ట్రాక్టర్" అనే మాటను రెండు వేర్వేరు ఫోన్లలో టైపు చేయించి పైథాన్‌కు ఇవ్వండి. రెండూ సమానమేనా అని అడిగితే ఒక్కోసారి కాదని చెబుతుంది. కంటికి ఏ తేడా కనబడదు. పొడవు అడిగితే మాత్రం ఒకదానికి 9, రెండోదానికి 10 అని వస్తుంది. ఆ పదోది ఒక కనబడని గుర్తు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంఖ్య 200సి. పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారిపోకుండా ఆపడం దీని పని. "పైథాన్‌లో" అని మీరు చదవగలుగుతున్నారంటే ఆ గుర్తు మధ్యలో ఉండబట్టే. అది తీసేస్తే న, ల కలిసి "పైథాన్లో" అవుతుంది. కొన్ని తెలుగు కీబోర్డులు పదం చివరి పొల్లు తర్వాత కూడా దీన్ని పెట్టేస్తాయి.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి లెక్కలు రాసేవారికి ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ తోతాపురిని కొందరు బెంగళూరా అని రాస్తారు. బేనీషా అని మనం పిలిచేదాన్ని బయటివారు బంగినపల్లి అంటారు. కాయలు కొనే ర్యాంపుల దగ్గర నుంచి లోడు వివరాలు వాట్సాప్‌లో వస్తాయి, ఒక్కొక్కరిదీ ఒక్కో కీబోర్డు. వాటన్నిటినీ ఒక పైథాన్ డిక్షనరీలో (కీ అనే పేరుకు ఒక విలువను జత చేసి దాచే పట్టికలో) పోస్తే ఒకే రకం కాయ రెండు మూడు వరుసలుగా చీలిపోతుంది, మొత్తం తప్పుతుంది. తేడా కనబడితే వెతకవచ్చు. ఇక్కడ తేడా కనబడదు.

అందుకే మనం కీలను తానే శుభ్రం చేసుకునే డిక్షనరీ ఒకటి తయారు చేద్దాం. పైథాన్‌తో పాటే వచ్చే డిక్ట్ అనే క్లాసును మన అవసరానికి పొడిగించడమన్నమాట. తిరుపతి కాలేజీల్లో పైథాన్ మొదటి సంవత్సరం దాటిన విద్యార్థులకు ఇందులో ప్రతి మెట్టూ అందుతుంది. క్లాసు రాయడం, ఫంక్షన్ రాయడం వస్తే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. డిక్ట్ లాగా పైథాన్‌తో పాటే వచ్చే వాటిని బిల్ట్‌ఇన్ అంటారు. బిల్ట్‌ఇన్ క్లాసును పొడిగించినప్పుడు వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం క్లాసులకు సంబంధించినవి కావు. కోడ్‌లో కనబడే ఒక పేరును పైథాన్ ఎక్కడ వెతుకుతుంది అన్నది తెలియకపోవడం వల్ల వస్తాయి. అందుకే ఈ రెండు విషయాలనూ విడదీయకుండా చెబుతున్నాను.

కోడ్ వరుసలను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. క్లాస్, డెఫ్, రిటర్న్, ఇంపోర్ట్ వంటి పైథాన్ సొంత మాటలను, దాని లైబ్రరీ పేర్లను మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. మనం పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులోనే ఉండవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి దీనికి అనుమతి ఉంది. ఒక్క షరతు: మీరు పెట్టిన పేరులో పైన చెప్పిన కనబడని గుర్తు ఉండకూడదు, ఉంటే ఆ వరుస దగ్గరే పైథాన్ ఆగిపోతుంది. ఖాతా, ధర, శుభ్రం వంటి పేర్లకు ఆ ఇబ్బంది లేదు. ఫైళ్ల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఉంచడం మేలు.

మొదటి మెట్టు: శుభ్రం చేసే ఫంక్షన్

మండీ అనే ఫైలు తెరవండి. అందులో క్లాసు జోలికి పోకుండా ముందు ఒక మామూలు ఫంక్షన్ రాయండి.

అసలు_పేర్లు = {"బెంగళూరా": "తోతాపురి", "బంగినపల్లి": "బేనీషా"}

డెఫ్ శుభ్రం(పేరు):
    పేరు = నార్మలైజ్("ఎన్ఎఫ్‌సి", పేరు)
    పేరు = పేరు.రీప్లేస్(కనబడని_గుర్తు, "")
    పేరు = పేరు.స్ట్రిప్()
    రిటర్న్ అసలు_పేర్లు.గెట్(పేరు, పేరు)

నార్మలైజ్ అనేది యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ (తెచ్చుకుని వాడుకునే కోడ్ ఫైలు) నుంచి వస్తుంది. తెలుగులో దాని అవసరం ఐత్వం దగ్గర బాగా తెలుస్తుంది. "పై" అనే అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకటే. ఎన్ఎఫ్‌సి పద్ధతి ఆ రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది.

కనబడని_గుర్తు అన్నచోట ఆ అక్షరాన్ని నేరుగా అతికించకండి. నెలరోజుల తర్వాత మీరే ఆ వరుస చూసి ఖాళీ కొటేషన్లు అనుకుంటారు. దాని యూనికోడ్ సంఖ్యతో, అంటే సీహెచ్‌ఆర్ ఫంక్షన్‌కు సున్నా ఎక్స్ 200సి ఇచ్చి, ఫైలు మొదట్లోనే ఆ పేరుకు కట్టండి.

వరుసల క్రమం కూడా ముఖ్యమే. స్ట్రిప్ ఖాళీలను మాత్రమే తీస్తుంది, కనబడని గుర్తును ఖాళీగా లెక్కపెట్టదు. ఖాళీ తర్వాత ఆ గుర్తు ఉంటే, స్ట్రిప్‌ను ముందు పిలిచినప్పుడు ఖాళీ లోపలే మిగిలిపోతుంది. అందుకే గుర్తును ముందు తీసి, ఖాళీలు తర్వాత తీస్తున్నాం.

ఇలా శుభ్రమైన పేరు పోల్చడానికి, కూడడానికి పనికి వస్తుంది. చీటీ మీద ముద్రించాల్సి వస్తే మనిషి రాసిన రూపాన్ని విడిగా దాచండి. మధ్యలోని గుర్తు తీసేసిన మాట చదవడానికి వికారంగా ఉంటుంది, మన భాషను అలా అచ్చు వేయకూడదు.

రెండో మెట్టు: దీన్ని స్ట్రింగ్ క్లాసుకే అతికించవచ్చా?

ప్రయత్నించి చూడండి. స్ట్రింగ్‌ల అసలు క్లాసు ఎస్‌టీఆర్. దానికి చుక్క పెట్టి, మన శుభ్రం ఫంక్షన్‌ను మెథడ్‌గా కట్టబోతే టైప్‌ఎర్రర్ వస్తుంది. ఇది మార్చరాని క్లాసు, దీని మీద కొత్త పేరు పెట్టలేవు అని దాని సారాంశం. డిక్ట్, లిస్ట్, ఇంట్ అన్నీ ఇంతే.

రూబీలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ ఈ పని కుదురుతుంది. కుదరడం వల్ల ఏమవుతుందో జావాస్క్రిప్ట్ చూపించింది. మూటూల్స్ అనే లైబ్రరీ ఒకప్పుడు బ్రౌజర్లలోని అర్రే క్లాసుకు ఫ్లాటెన్ అనే మెథడ్‌ను తానే చేర్చింది. ఏళ్ల తర్వాత భాషా ప్రమాణంలోకే అదే పేరుతో ఒక మెథడ్ తేవాలనుకున్నప్పుడు, మూటూల్స్ మీద నడిచే పాత సైట్లు విరిగిపోతాయని 2018లో తేలింది. చివరికి ప్రమాణమే వెనక్కి తగ్గి ఫ్లాట్ అనే పేరు పెట్టుకుంది. ఎవరో తమ ప్రోగ్రామ్ కోసం చేర్చిన పేరు లోకమంతటికీ అడ్డమైంది. రూబీ వారు ఇదే భయంతో రిఫైన్‌మెంట్స్ అనే ఏర్పాటు తెచ్చారు. 2013లో రూబీ 2.0తో ప్రయోగంగా వచ్చిన ఆ ఏర్పాటులో, అసలు క్లాసుకు చేసిన మార్పు కోరుకున్న ఫైలులో మాత్రమే కనబడుతుంది. పైథాన్ మొదటి నుంచీ తలుపు మూసే ఉంచింది. నా దృష్టిలో అదే సరైన నిర్ణయం.

ఇక్కడ కొందరు తెలివైన విద్యార్థులు పక్కదారి వెతుకుతారు. బిల్ట్‌ఇన్స్ అనే మాడ్యూల్‌ను తెచ్చుకుని, అందులోని ఎస్‌టీఆర్ అనే పేరుకు తమ క్లాసును కట్టేస్తారు. పైథాన్ దీనికి అడ్డుచెప్పదు. కానీ కొటేషన్లలో మీరు రాసే ప్రతి స్ట్రింగూ పాత అసలు క్లాసు నుంచే పుడుతుంది. మారింది ఆ పేరు మాత్రమే, ఆ పేరు వెనుక ఉన్న క్లాసు కాదు. పైగా ఎస్‌టీఆర్ అనే పేరుతో రకం సరిచూసే ఇతరుల కోడ్ మొత్తం తప్పు జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. ఈ దారిలోకి అసలు వెళ్లకండి.

మిగిలిన మార్గం ఎస్‌టీఆర్ నుంచి మన సొంత క్లాసు పుట్టించడం. తెలుగువారికి పనికొచ్చే ఉదాహరణ తీసుకుందాం. "తిరుపతి" పొడవు పైథాన్ 7 అంటుంది, మనం చదివే అక్షరాలు 4. "చిత్తూరు" 8, మనకు 3. "శ్రీకాళహస్తి" 12, మనకు 5. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకు రావడమే దీనికి కారణం. అచ్చులు, హల్లులను మాత్రమే లెక్కపెట్టి, పొల్లు వెంటనే వచ్చిన హల్లును వదిలేస్తే మన లెక్క వస్తుంది. యూనికోడ్‌డేటాలోని క్యాటగిరీ ఫంక్షన్ ఏది అక్షరమో ఏది గుర్తో చెబుతుంది. పొల్లు సంఖ్య 0సి4డి.

దీన్ని తెలుగుపదం అనే క్లాసులో అక్షరాలు అనే మెథడ్‌గా రాయండి. బాగా పనిచేస్తుంది. ఇప్పుడు ఆ పదం మీద రీప్లేస్ పిలిచి, వచ్చిన ఫలితాన్ని అక్షరాలు ఎన్ని అని అడగండి. ఎస్‌టీఆర్‌కు అక్షరాలు అనే లక్షణం లేదని అట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. రీప్లేస్, స్ట్రిప్, ముక్క కోయడం (స్లైసింగ్), కూడిక ఇవన్నీ మీ క్లాసు నుంచి పుట్టిన పదం మీద చేసినా తిరిగి ఇచ్చేది మామూలు స్ట్రింగునే. మీ క్లాసు ఉందన్న సంగతి ఆ మెథడ్లకు పట్టదు. నిలబెట్టాలంటే ప్రతి మెథడ్‌నూ తిరిగి రాయాలి, అవి డజన్ల కొద్దీ ఉన్నాయి.

కాబట్టి స్ట్రింగుల విషయంలో నా సలహా సూటిగా చెబుతాను: క్లాసు వద్దు. అక్షరాలు(పదం) అని మాడ్యూల్ స్థాయిలో ఫంక్షన్ రాసుకోండి. ఏ స్ట్రింగుకైనా పనిచేస్తుంది, ఎక్కడా జారిపోదు.

మూడో మెట్టు: డిక్ట్ నుంచి నేరుగా క్లాసు పుట్టించి పరీక్షించండి

డిక్షనరీ సంగతి వేరు. అది మార్చదగ్గది, తనలో వస్తువులు దాచుకుంటుంది, కాబట్టి క్లాసుగా పొడిగించడంలో అర్థముంది. మొదట అందరికీ తోచే పద్ధతిలోనే రాయండి.

క్లాస్ ఖాతా(డిక్ట్):
    డెఫ్ __సెట్‌ఐటమ్__(సెల్ఫ్, కీ, విలువ):
        సూపర్().__సెట్‌ఐటమ్__(శుభ్రం(కీ), విలువ)

పేరుకు ముందూ వెనుకా రెండేసి గీతలున్న ఇలాంటి మెథడ్లను డండర్ మెథడ్లు అంటారు. చదరపు బ్రాకెట్లలో కీ ఇచ్చి విలువ పెట్టినప్పుడు పైథాన్ పిలిచేది దీన్నే.

ఇప్పుడు ఒక ఖాళీ ఖాతా తెరిచి, బెంగళూరా అనే కీతో 5 టన్నులు పెట్టండి. లోపల తోతాపురి అని చేరుతుంది. సంతోషంగా ముందుకు పోకుండా అదే పనిని మిగతా దారుల్లో కూడా చేసి చూడండి. ఖాతా పుట్టించేటప్పుడే ఒక డిక్షనరీ ఇవ్వండి: బెంగళూరా అలాగే ఉండిపోతుంది. అప్‌డేట్ మెథడ్‌తో చేర్చండి: అలాగే ఉంటుంది. సెట్‌డిఫాల్ట్‌తో చేర్చండి: అదీ అంతే. మూడు దారుల్లోనూ మీ మెథడ్‌ను ఎవరూ పిలవలేదు.

చదివే వైపు కూడా ఇదే కథ. మీరు __గెట్‌ఐటమ్__ రాసినా గెట్ మెథడ్ దాని ముఖం చూడదు. ఉందా లేదా అని ఇన్ మాటతో అడిగితే అది __కంటైన్స్__ అనే ఇంకో మెథడ్ దగ్గరికి పోతుంది.

ఎందుకిలా? మనం మామూలుగా వాడే పైథాన్‌లో డిక్ట్ లోపలి భాగం సీ భాషలో రాశారు. వేగం కోసం అప్‌డేట్ వంటి మెథడ్లు నేరుగా లోపలి పట్టికను తాకుతాయి, బయటి మెథడ్ మీదుగా వెళ్లవు. మీరు పైపొరలో ఒక మెథడ్ మార్చినంత మాత్రాన లోపలి మెథడ్లు ఒకదాన్నొకటి పిలుచుకునే తీరు మారదు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే లిస్ట్, సెట్ దగ్గర కూడా దారి తప్పరు: లిస్ట్ నుంచి పుట్టించిన మీ క్లాసును ముక్క కోస్తే వచ్చేదీ మామూలు లిస్టే.

డిక్ట్ నుంచి నేరుగా పుట్టించడం సబబైన సందర్భం ఒకటుంది. __మిస్సింగ్__ అనే మెథడ్ రాయడానికి. లేని కీని చదరపు బ్రాకెట్లతో అడిగినప్పుడు డిక్ట్ దీన్ని పిలుస్తుంది. అందులో సున్నా తిరిగి ఇస్తే, మొదటిసారి వచ్చిన రకానికి కూడా ఖాతా[రకం] += బరువు అని తడబాటు లేకుండా రాయవచ్చు. గెట్ మాత్రం దీన్ని పిలవదని గుర్తుంచుకోండి. పొడిగించేవారి కోసమే డిక్ట్ వదిలిన స్థలం అది. మిగతా మెథడ్లకు అలాంటి హామీ లేదు.

నాలుగో మెట్టు: యూజర్‌డిక్ట్‌తో తిరిగి రాయండి

కలెక్షన్స్ అనే మాడ్యూల్‌లో యూజర్‌డిక్ట్ అని ఒక క్లాసు ఉంది. అది పైథాన్‌లోనే రాసినది. అసలు డిక్షనరీని డేటా అనే పేరుతో లోపల పెట్టుకుని, అప్‌డేట్, పాప్, సెట్‌డిఫాల్ట్ వంటి పనులన్నిటినీ నాలుగైదు మూల మెథడ్ల మీదుగా నడిపిస్తుంది. ఆ మూల మెథడ్లను మీరు పట్టుకుంటే ఆ దారులన్నీ మీ చేతిలోకి వస్తాయి.

ఫ్రమ్ కలెక్షన్స్ ఇంపోర్ట్ యూజర్‌డిక్ట్

క్లాస్ ఖాతా(యూజర్‌డిక్ట్):
    డెఫ్ __సెట్‌ఐటమ్__(సెల్ఫ్, కీ, విలువ):
        సూపర్().__సెట్‌ఐటమ్__(శుభ్రం(కీ), విలువ)
    డెఫ్ __గెట్‌ఐటమ్__(సెల్ఫ్, కీ):
        రిటర్న్ సూపర్().__గెట్‌ఐటమ్__(శుభ్రం(కీ))
    డెఫ్ __డెల్‌ఐటమ్__(సెల్ఫ్, కీ):
        సూపర్().__డెల్‌ఐటమ్__(శుభ్రం(కీ))
    డెఫ్ __కంటైన్స్__(సెల్ఫ్, కీ):
        రిటర్న్ సూపర్().__కంటైన్స్__(శుభ్రం(కీ))

నాలుగూ రాయండి. మూడు రాసి ఒకటి వదిలితే, పెట్టేటప్పుడు శుభ్రమై, అడిగేటప్పుడు కాకుండా పోయి, ఉన్న సరుకు లేదని చెప్పే ఖాతా తయారవుతుంది. అది మొదటి ఖాతా కంటే ప్రమాదం. మూడో మెట్టులోని పరీక్షలన్నీ మళ్లీ చేయండి. ఈసారి పుట్టించేటప్పుడు ఇచ్చినా, అప్‌డేట్‌తో ఇచ్చినా తోతాపురి ఒకే వరుసగా ఉంటుంది.

అయితే పుట్టించేటప్పుడు ఇచ్చిన డిక్షనరీలో బెంగళూరా 5, తోతాపురి 3 రెండూ ఉంటే? రెండూ ఒకే కీ అయి, చివర వచ్చిన 3 మిగులుతుంది, 5 పోతుంది. డిక్షనరీ తీరు ప్రకారం అది సరైనదే, లెక్కకు మాత్రం సరికాదు. బరువులను కూడాల్సిన చోట అప్‌డేట్ వాడకండి. జమ అనే సొంత మెథడ్ రాసి, ఉన్న విలువకు కొత్త బరువు కలపండి.

యూజర్‌డిక్ట్‌కు చెల్లించాల్సిన మూల్యం కొంత ఉంది. ఇది డిక్ట్ సంతానం కాదు, కాబట్టి ఇది డిక్ట్ రకమేనా అని ఇస్‌ఇన్‌స్టన్స్‌తో అడిగితే కాదంటుంది. జేసన్‌గా రాయబోతే టైప్‌ఎర్రర్ వస్తుంది, ఖాతా.డేటాను ఇస్తే సరిపోతుంది. వేగం కొంచెం తగ్గుతుంది, ఒక సీజన్ లోడ్ల లెక్కకు అది పట్టించుకోవలసినంత కాదు.

ఐదో మెట్టు: శుభ్రం అనే పేరు ఎక్కడిది?

ఇక్కడ తొందరపడకండి. ఈ మెట్టు అర్థమైతే మిగతావి వాటంతట అవే వస్తాయి.

ఖాతా క్లాసు శుభ్రం అనే పేరును వాడుతోంది. ఆ పేరును పైథాన్ వెతికే క్రమం ఇది: ముందు ఆ ఫంక్షన్ లోపల, ఆ ఫంక్షన్‌ను చుట్టుకుని వేరే ఫంక్షన్ ఉంటే అందులో, తర్వాత మాడ్యూల్‌లో, చివరికి బిల్ట్‌ఇన్స్‌లో. గ్లోబల్ అని పైథాన్ పిలిచేది మూడోదాన్ని. పేరు గ్లోబల్ అయినా అది ప్రోగ్రామ్ మొత్తానికి చెందినది కాదు, ఒక్క ఫైలుకు చెందినది. ప్రతి మాడ్యూల్‌కూ తన పేర్ల పట్టిక తనకు ఉంటుంది.

మరి ఏ మాడ్యూల్? ఫంక్షన్‌ను రాసిన మాడ్యూల్. పిలిచిన మాడ్యూల్ కాదు. దీన్ని పరీక్షించడానికి నివేదిక అనే రెండో ఫైలు తెరవండి. మండీ నుంచి ఖాతాను తెచ్చుకోండి. నివేదికలో ఊళ్ల పేర్ల కోసం శుభ్రం అనే పేరుతోనే ఇంకో ఫంక్షన్ రాయండి. అవసరం నిజమైనదే: 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది, పాత చీటీల్లో "పాకాల, చిత్తూరు జిల్లా" అని ఉంటే కొత్త వాటిలో "పాకాల, తిరుపతి జిల్లా" అని ఉంటుంది. రెండింటినీ పాకాలగా మార్చే ఫంక్షన్ అది. ఇప్పుడు నివేదికలో ఒక ఖాతా తెరిచి పాకాల లోడు చేర్చండి. మీ కొత్త శుభ్రాన్ని ఖాతా వాడదు. అది మండీలో పుట్టింది, మండీ పట్టికలోనే వెతుకుతుంది. నివేదికలో ఆ పేరుతో ఏముందో దానికి తెలియదు, తెలియనవసరం లేదు కూడా. మీ సహచరుడు తన ఫైలులో ఏ పేరు పెట్టుకున్నా మీ క్లాసు చెడకుండా కాపాడేది ఈ హద్దే.

అయితే ఊళ్లకు వేరే శుభ్రత కావాలి కదా. దానికి దారి పేరు ముందు చుక్క పెట్టడమే. నాలుగు మెథడ్లలోనూ శుభ్రం(కీ) తీసేసి సెల్ఫ్.కీ_రూపం(కీ) అని రాయండి. ఖాతాలో కీ_రూపం అనే మెథడ్ పెట్టి, అందులో శుభ్రం ఫంక్షన్‌ను పిలవండి. ఇక నివేదికలో ఊరి_ఖాతా అనే క్లాసును ఖాతా నుంచి పుట్టించి, కీ_రూపం ఒక్కటే తిరగరాయండి. పాకాల ఇప్పుడు ఒక్కటే వరుస.

ఏం మారింది? చుక్క లేకుండా రాసిన పేరును పైథాన్ రాసిన చోటు నుంచి బయటికి, మాడ్యూల్ దాకా వెతుకుతుంది. చుక్క పెట్టి రాసిన పేరును ఆ వస్తువులో, దాని క్లాసులో, ఆ క్లాసు పూర్వీకుల్లో వెతుకుతుంది. పొడిగించడానికి వీలుండాలంటే మారగల పనిని చుక్క పేరు వెనుక పెట్టాలి. మారకూడని పనిని చుక్క లేని పేరుతో మాడ్యూల్‌లో ఉంచాలి. క్లాసు రాసేటప్పుడు ప్రతి పేరు దగ్గరా ఈ ప్రశ్న వేసుకోండి.

దీనికి అంటుకునే ఉచ్చు ఇంకొకటి ఉంది. చక్కగా ఉంటుందని అసలు_పేర్లు పట్టికను క్లాసు లోపలికి తరలించి, మెథడ్‌లో చుక్క లేకుండా అసలు_పేర్లు అని వాడతారు. నేమ్‌ఎర్రర్ వస్తుంది. పై వెతుకులాట క్రమంలో క్లాసు లోపలి భాగం లేదు. మెథడ్ నుంచి నేరుగా మాడ్యూల్‌కు వెళుతుంది. సెల్ఫ్.అసలు_పేర్లు అనాలి.

ఆరో మెట్టు: ధరను ఎలా తెచ్చుకోవాలి

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇస్తే దాని మీద 4 రూపాయలు సాయంగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇలాంటి అంకెలు సీజన్ మధ్యలో మారతాయి, అందుకే వాటిని ధరలు అనే విడి మాడ్యూల్‌లో పెట్టండి: కిలో_ధర = 8, సాయం = 4.

నివేదికలోకి వీటిని రెండు రకాలుగా తేవచ్చు. ఫ్రమ్ ధరలు ఇంపోర్ట్ సాయం అంటే, ఆ క్షణంలో సాయం అనే పేరు వెనుక ఉన్న విలువకు నివేదిక పట్టికలో కొత్త పేరు ఒకటి పడుతుంది. తర్వాత ప్రోగ్రామ్ నడుస్తుండగా ధరలు మాడ్యూల్‌లో సాయాన్ని మార్చినా నివేదికలో 4 అలాగే ఉంటుంది. ఇంపోర్ట్ ధరలు అని తెచ్చుకుని ధరలు.సాయం అని వాడితే, చుక్క ఉంది కాబట్టి ప్రతిసారీ ధరలు మాడ్యూల్‌లోకి వెళ్లి చూస్తుంది, కొత్త అంకె వస్తుంది. మారే విలువలకు రెండోదే వాడండి. క్లాసులు, ఫంక్షన్ల వంటి మారని వాటికి మొదటిది చాలు.

ధరలు మాడ్యూల్ లోపల సాయం మార్చే ఫంక్షన్ రాస్తే, అందులో గ్లోబల్ సాయం అని ముందు చెప్పాలి. లేకపోతే ఫంక్షన్ లోపల అదే పేరుతో కొత్త పేరు పుట్టి, ఫంక్షన్ ముగియగానే పోతుంది. పాత విలువకు కలపబోతే, ఇంకా విలువ లేని లోపలి పేరును వాడుతున్నావని అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్ వస్తుంది. అంకెలను ఒక డిక్షనరీలో పెట్టి దాని లోపలి విలువ మార్చితే గ్లోబల్ అక్కరలేదు, ఎందుకంటే అప్పుడు పేరు మారడం లేదు, పేరు వెనుక ఉన్న వస్తువు లోపల మార్పు జరుగుతోంది. ఆ వస్తువును ఎన్ని మాడ్యూళ్లు ఏ రకంగా తెచ్చుకున్నా అందరికీ కొత్త విలువే కనబడుతుంది.

ఒక మాడ్యూల్‌ను ఎన్ని ఫైళ్లు ఇంపోర్ట్ చేసినా అది ఒక్కసారే నడుస్తుంది. తర్వాత అడిగినవారికి దాచి ఉంచినదాన్నే ఇస్తుంది.

ఏడో మెట్టు: ఒకే ఫైలు రెండు క్లాసులు కాకుండా చూడండి

పై మాటకు ఒక మినహాయింపు ఉంది, బిల్ట్‌ఇన్‌లను పొడిగించేవారిని అది గట్టిగా తాకుతుంది. మండీ ఫైలునే నేరుగా నడిపారనుకోండి. అప్పుడు దాని మాడ్యూల్ పేరు మండీ కాదు, __మెయిన్__. ఆ మండీ నివేదికను ఇంపోర్ట్ చేస్తుంది, నివేదిక మళ్లీ మండీని ఇంపోర్ట్ చేస్తుంది. మండీ అనే పేరుతో ఇంతవరకు ఏదీ నడవలేదు కాబట్టి పైథాన్ అదే ఫైలును రెండోసారి నడుపుతుంది. ఇప్పుడు ఖాతా క్లాసులు రెండు. ఒకే వరుసల నుంచి పుట్టినా పైథాన్‌కు అవి వేర్వేరు. ఒకదాని నుంచి పుట్టిన ఖాతా ఇంకోదాని రకమేనా అని అడిగితే కాదని వస్తుంది. తెరపై రెండు పేర్లూ ఖాతా అనే కనబడుతుంటే కారణం తట్టదు.

పరిష్కారం తేలిక. క్లాసులున్న ఫైలును ఎప్పుడూ నేరుగా నడపకండి. నడపడానికి చిన్న ఫైలు ఒకటి విడిగా పెట్టి, అది మండీని, నివేదికను ఇంపోర్ట్ చేసేలా చేయండి. ఆ ఫైళ్లకు కలెక్షన్స్, స్ట్రింగ్, జేసన్ వంటి పేర్లు పెట్టకండి. నడిపే ఫైలున్న ఫోల్డరునే పైథాన్ ముందు వెతుకుతుంది, దాని సొంత మాడ్యూల్ బదులు మీ ఫైలు దొరుకుతుంది.

ఎనిమిదో మెట్టు: పరీక్షలు

పరీక్ష అనే ఫైలులో ఈ కిందివన్నీ అసర్ట్ వరుసలుగా రాసి, మండీలో ఏది మార్చినా మళ్లీ నడపండి. బెంగళూరా అని పెట్టి తోతాపురి అని అడిగితే విలువ రావాలి. చివర కనబడని గుర్తున్న ట్రాక్టర్, లేని ట్రాక్టర్ ఒకే కీ కావాలి. ఆ గుర్తును పరీక్షలో కూడా సంఖ్యతోనే చేర్చండి, లేకపోతే ఎడిటర్ దాన్ని ఎప్పుడు మింగిందో తెలియదు. ఐత్వాన్ని రెండు గుర్తులుగా రాసిన మాట, ఒకే గుర్తుగా రాసిన మాట కలవాలి. పుట్టించేటప్పుడు, అప్‌డేట్‌తో, సెట్‌డిఫాల్ట్‌తో పెట్టిన కీలు మూడూ శుభ్రం కావాలి. గెట్, పాప్, ఇన్ మూడూ పాత పేరుతో అడిగినా జవాబు చెప్పాలి. జమ మెథడ్‌తో 5, 3 కలిపితే 8 రావాలి. ఊరి_ఖాతాలో పాకాల ఒక్కటే వరుస ఉండాలి, అదే సమయంలో మామూలు ఖాతాలో జిల్లా పేరు ఊడకూడదు.

ఈ చివరిది తప్పితే, నాలుగు మెథడ్లలో ఏదో ఒకదానిలో సెల్ఫ్.కీ_రూపం బదులు చుక్క లేని పేరు మిగిలి ఉందేమో, లేదా ఊరి శుభ్రతను మండీలోని ఫంక్షన్‌లోకే చేర్చారేమో చూడండి.